కుర్చీకి అభ్యంతరం

మొదటి సాక్షి యీషున్‌లో పై అంతస్తు నుంచి పడి చనిపోయాడు. రెండో సాక్షి మారయ్య ఇంకా బతికే ఉన్నాడు. సాయంత్రం దాకా అతన్ని బతికించడమే ఏజెంట్ శ్రీనాథ్ పని.

"కరావా ద్వీపంలో కొత్త కేబినెట్," ఫోన్లో చీఫ్ సుధాకరరావు చెప్పాడు. "మంత్రుల పేర్లను పార్లమెంటు కమిటీ వడపోస్తుంది. ఈ సాయంత్రం దాకా ప్రజలెవరైనా వీడియో లింకులో అభ్యంతరం చెప్పొచ్చు. రేవుల శాఖకు పేరొచ్చినవాడు ఆయుధాల ముఠా మనిషి. వాడి షిప్‌యార్డులోనే మారయ్య తమ్ముడు కాలిపోయాడు. మారయ్య నోరు విప్పితే వాడి పని అయిపోయినట్టే. మారయ్యను తీసుకెళ్లడానికి కమిటీ తరఫున ప్రణవి వస్తుంది. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే, బుకిట్ పంజాంగ్‌ పేటలో."

Y2K గండం గడిచాక కూడా ఉద్యోగం ఊడని ప్రోగ్రామర్ వేషంలో శ్రీనాథ్, మారయ్యతో పాసిర్ రిస్ హాకర్ సెంటర్‌లోని తిండి దుకాణాల మధ్యకు చేరాడు. లంచ్ వేళ. కుర్చీ దొరకడం గగనం.

కాఫీ ట్రేతో ప్రణవి వచ్చింది. చూపు తిప్పుకోలేనంత అందం.

"యీషున్‌లో వానా?" అంది.

"గొడుగు మరిచాను," అన్నాడు శ్రీనాథ్.

కోడ్ సరిపోయింది. ఖాళీ టేబుల్ మీదున్న టిష్యూ పాకెట్‌ను చెత్తలా పక్కకు తోసి, ఆమె దర్జాగా కూర్చుంది.

పక్క టేబుల్ చైనీస్ అంకుల్ గుడ్లురిమాడు. "మిస్, దిస్ వన్ చోప్ ఆల్రెడీ లా!"

ఆమెకు అర్థం కాలేదు. శ్రీనాథ్‌కు అర్థమైంది. ఈ ఊళ్లో టిష్యూ పాకెట్ పెట్టి చోప్ చేసిన, అంటే ముందే పట్టుకున్న చోటును కోటీశ్వరుడైనా తాకడు. ఇక్కడ పుట్టినవాళ్లకు అది ఉగ్గుపాలతో వచ్చిన బుద్ధి. అంటే ఈమె బయోడేటా అబద్ధం. కమిటీ ఉప్పు తింటూ ముఠాకు పనిచేసే డబుల్ ఏజెంట్!

మారయ్య ఆమె తెచ్చిన కాఫీ కప్పు ఎత్తాడు. శ్రీనాథ్ దాన్ని చేత్తో కొట్టాడు. నేల మీద కాఫీ బుసబుసా నురగ కక్కింది. ప్రణవి బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. దాని మొనలో పిస్టల్ గొట్టం. పక్కనే ఉన్న వేడి నూడిల్స్ గిన్నె ఆమె చేతిమీద బోర్లించి, శ్రీనాథ్ మారయ్యను టాక్సీలోకి తోశాడు.

"నాను సచ్చినా పర్నేదు బాబూ," అన్నాడు మారయ్య. "నా తమ్ముణ్ని లోపలెట్టి తాళమేసినారని ఆళ్లకి సెప్పాల."

ముఠా కళ్లుగప్పి ఊరంతా తిరిగి, సాయంత్రానికి వీడియో రూములోకి దూసుకెళ్లేసరికి తెర మీద కమిటీ చైర్మన్ సుత్తి ఎత్తి ఉన్నాడు.

"అభ్యంతరాలు లేనట్టేనా?"

"ఉన్నాయి!" శ్రీనాథ్ అరిచాడు.

మారయ్య ఏడుస్తూ, తమ్ముడి పేరు పదేపదే పలుకుతూ, అంతా చెప్పాడు. దుబాసీ ఒక్క మాటా వదలకుండా వినిపించాడు. చైర్మన్ ఎంతో మర్యాదగా విన్నాడు.

"ప్రజల భాగస్వామ్యానికి ధన్యవాదాలు. నియామకం ఏకగ్రీవంగా ఆమోదం."

సుత్తి పడింది.

"సాక్షిని కాపాడావు. మిషన్ సక్సెస్," ఫోన్లో చీఫ్ అన్నాడు. శ్రీనాథ్ ఫోన్ కట్ చేశాడు. పాపం ముఠా, విషం దండగ చేసుకుంది!

"ఇన్నారా బాబూ? ఏటన్నారు?" అడిగాడు మారయ్య.

కళ్లు తుడుచుకోమని శ్రీనాథ్ అతనికో టిష్యూ ఇచ్చాడు.

"విన్నారు మారయ్యా. కాని ఆ కుర్చీ మీద మనకన్నా ముందే ఎవరో పాకెట్ పెట్టేశారు."