కొబ్బరినూనె రాసిన పైపు

"మా పైపుకి నూనె రాసింది ఎవురు?"

ధనశేఖర్ గ్రైండర్ ఆపి తలెత్తాడు. షాపు ముందర, పోయిన వారం పైపు ఆర్డరిచ్చిన అమ్మాయి నిలబడి ఉంది. కుడి మోచేతికి కట్టు, ఎడమ చేతిలో బిల్లు, మొహంలో పోలీసు స్టేషను.

"నేనే," అన్నాడు.

తిరుచానూరు రోడ్డులో ఆ స్టీలు రెయిలింగుల షాపు పెట్టింది వాళ్ల నాయన. ఆయన పోయినా ఆయన అలవాటు పోలేదు. గేటైనా, మెట్ల రెయిలింగైనా, బిగించాక కొబ్బరినూనె గుడ్డతో ఒక తుడుపు తుడవాలి. వేలిముద్రలు పోతాయి, స్టీలు మెరుస్తుంది, దాన్ని చూసి ఇంటామె మొహం కూడా మెరుస్తుంది.

"ఎందుకు రాసినావన్నా?"

"మెరవాలని."

"మెరిసింది. నేను మూడడుగుల ఎత్తు నుంచి పడినాను. నిజం చెప్పు, మా ఓనరు రాయమన్నాడా?"

"ఏ ఓనరు? అసలు మీరు పైపు పట్టుకోని మూడడుగులు ఎందుకెక్కినారు?"

నేల నుంచి కప్పు దాకా నున్నటి పైపు, మనిషి బరువు మోయాలి అని ఆర్డరిచ్చినప్పుడే అతనికి అనుమానం వచ్చింది. ఎందుకని అడిగితే "ఎక్సర్‌సైజుకి" అంది. ఎక్సర్‌సైజుకి ఒంటి పైపేమిటని రెండు రోజులు ఆలోచించి, బిల్లు రాసేసి మర్చిపోయాడు.

"పోల్ డాన్సు," అందామె. "ఫిట్‌నెస్ కోసం. ఆడవాళ్లకి మాత్రమే."

ధనశేఖర్ రోడ్డు వైపు చూశాడు. అరటిపళ్ల బండి దగ్గరి ఆవిడ బేరం ఆపి వింటోంది.

"మెల్లగా చెప్పండి," అన్నాడు.

"చూసినావా. నువ్వు కూడా అంతే."

రాజశ్రీది పలమనేరు. బెంగళూరులో ఒక జిమ్ములో ఆరేళ్లు పని చేస్తూ ఈ విద్య నేర్చుకుంది. బైరాగిపట్టెడలో ఒక మేడ మీద హాలు అద్దెకు తీసుకుంది. ఓనరు బాలసుబ్రమణ్యం రిటైరైన లెక్కల మాస్టారు. యోగా లాంటిదనుకుని హాలిచ్చాడు. పైపు నిలబడిన రోజు ఆయన బీపీ కూడా లేచి నిలబడింది. చివరికి ఒక షరతు పెట్టాడు: రెండు నెలల్లోగా మర్యాదస్తుల ఇంటి పెద్ద ఆడమనిషి ఎవరైనా వచ్చి, ఇది మంచి విద్యేనని ఆయన ముందర చెప్పాలి. లేకపోతే హాలు ఖాళీ.

"ఆరుగురు చేరినారు. అందరూ కాలేజీ పిల్లోళ్లే. నేను పడింది చూసి నలుగురు మానేసినారు. పెద్ద ఆడమనిషిని యాడ తెచ్చేది?" అంది రాజశ్రీ.

 ధనశేఖర్ ఆ సాయంత్రమే స్పిరిటు, దూది తీసుకుని వెళ్లి, పైపుని కింది నుంచి పై దాకా మూడుసార్లు తుడిచాడు. జిడ్డు పోయిందో లేదో తేల్చడానికి తనే ఎక్కబోయాడు. అడుగున్నర ఎక్కి, నిక్కరు జారే పిల్లాడిలా మెల్లగా కిందికొచ్చాడు.

"ప్యాంటు బట్ట జారిపోతాది," అంది రాజశ్రీ నవ్వాపుకుంటూ. "చర్మం పట్టుకోవాల. అందుకే షార్ట్సు. మీ ఊరోళ్లు అనుకునేదానికి కాదు."

"మా ఊరంటే? పలమనేరు మొన్నటిదాకా మా జిల్లానే గదా."

"అది చలి ఊరు. ఆడ బుర్రలు చల్లంగా ఉంటాయి."

ఆ తర్వాత ప్రతి ఆదివారం, క్లాసు లేని పూట, ధనశేఖర్ బోల్టులు చూడటానికి వచ్చేవాడు. మనిషి ఎక్కే సరుకు, పైకప్పు బోల్టు వదులైతే ప్రమాదమనేవాడు. తలుపు బార్లా తెరిచి ఉండేది. మెట్ల మీద కుర్చీ వేసుకుని బాలసుబ్రమణ్యం పేపరు చదివేవాడు. గంటకొక పేజీ.

మూడో ఆదివారం వాన పడింది. నాలుగు బోల్టులు చూడటానికి గంటన్నర పట్టింది. ఆ రోజు నుంచి ఆమె "అన్నా" అనడం మానేసింది. ఈ సంగతి ధనశేఖర్ ఇంటికెళ్లే దారిలో నాలుగుసార్లు గుర్తు చేసుకున్నాడు.

ఇంట్లో మాత్రం వేరే వ్యవహారం నడుస్తోంది.

వాళ్లమ్మ జ్ఞానాంబకి యాభై మూడేళ్లు. మోకాళ్ల నొప్పులని పాలప్యాకెట్టుకి కూడా కొడుకునే పంపే మనిషి. నెలగా పొద్దున్నే ఆరింటికి "అమ్మవారి గుడికి పోయొస్తా" అని ఆటో ఎక్కుతోంది.

"ప్రసాదం యాడమ్మా?" అని అడిగాడు ఒకరోజు.

"గుళ్లో రష్షు. తీసుకోలా."

"శుక్రవారమంటే సరే. మంగళవారం కూడానా?"

"నువ్వు పోయి సూసినావా?"

"ముంగాలి మీద కమిలిందేంది?"

"క్యూలైను కమ్మీ తగిలింది."

క్యూ కమ్మీ తగిలితే తుంటికి తగలాలి, ముంగాలికి కాదు. రెయిలింగు ఎంత ఎత్తుంటుందో అతనికొకరు చెప్పాలా? పైగా అమ్మ చేతులు స్పిరిటు వాసన వేస్తున్నాయి. తన నీలం క్రికెట్ షార్ట్సు కనబడక మూడు వారాలైంది.

ఏదైనా ఆస్పత్రికి పోతోందా? తనకు చెప్పలేని జబ్బా? ఆ ఆలోచనకి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు బండి మీద ఆటో వెనకే వెళ్లాడు. ఆటో తిరుచానూరు వైపు తిరగలేదు, ఆస్పత్రి వైపూ తిరగలేదు. బైరాగిపట్టెడలో, అతను ఆదివారాలు బండి ఆపే చోటే ఆగింది.

మెట్ల మీద బాలసుబ్రమణ్యం సిద్ధంగా ఉన్నాడు.

"వచ్చినావా అప్పా. ఈ పొద్దుతో గడువు సరి. నెలగా ఎవురో పెద్దామె తల మీద కొంగు కప్పుకోని దొంగ మాదిరి పైకి పోతాంది. పేరడిగితే చెప్పదు. మంచి పనైతే మొహం దాచుకునేదెందుకు?"

ఆయన తలుపు కొట్టాడు. రాజశ్రీ తీసింది. ఆమె వెనక కట్టిన అట్టపెట్టెలు మూడు.

"ఖాళీ చేస్తానన్నాను గదా సార్. సాయంత్రం దాకా ఆగండి. లోపల క్లాసు జరగతాంది."

పెట్టెల వెనక పైపు. పైపు మీద, నేలకి రెండడుగుల ఎత్తున, రెండు కాళ్లూ మెలేసి కూర్చుని జ్ఞానాంబ.

"ఆ షార్ట్సు నాది," అన్నాడు ధనశేఖర్. 

"దిగేదాకా మాట్లాడిచ్చొద్దురా," అంది జ్ఞానాంబ. మెల్లగా దిగి, నడుముకి దుప్పటి చుట్టుకుని, ముందు ఓనరు వైపు తిరిగింది.

"సార్, నా పేరు జ్ఞానాంబ. వీడు మా పిల్లోడు. మీ ఇంటి గేటు మా ఆయన చేసిందే. నెల ముందు మీ మెట్లెక్కేదానికి రెండుసార్లు కూర్చున్నా. ఈ పొద్దు నిలబడకుండా ఎక్కినా. ఇది మంచి విద్యేనని నేను చెప్తాండా. సాలునా?"

బాలసుబ్రమణ్యం పైపు వైపు చూశాడు, పెట్టెల వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మోకాళ్లకి నిజంగా పని చేస్తాదా? మా ఇంటామె సంవత్సరంగా మూలుగుతాంది."

"రేపు ఆరింటికి పంపీయండి సార్," అంది రాజశ్రీ. ఆయన పేపరు చంకన పెట్టుకుని దిగిపోయాడు. షరతు సంగతి మళ్లీ ఎత్తలేదు.

రాజశ్రీ జ్ఞానాంబని, ధనశేఖర్‌ని మార్చి మార్చి చూసింది. "ఈమె మీయమ్మా? నాకు మునెమ్మ అని చెప్పినారే."

"గుడికని చెప్పి ఈడికొస్తావా?" అన్నాడు ధనశేఖర్.

"నువ్వు బోల్టుకని చెప్పి రాలా? ముప్పై ఏండ్లు రెయిలింగులోళ్ల ఇంట్లో ఉండా. వారం వారం వదులయ్యే బోల్టుని నేను యాడా సూడలా. పిల్ల ఎట్లాంటిదో సూద్దామని వచ్చినా. సూసినాక పైపు వదలబుద్ధి కాలా." కాస్త ఆగింది. "నా పేరు బయట చెప్పొద్దన్నా. సారు షరతు సంగతి కాలేజీ పిల్లోళ్లు ఈ పొద్దే చెప్తే తెలిసింది. నేనొక్క మాట చెప్తే హాలు నిలబడతాదని తెలిసి కూడా ఈ పిల్ల నన్నడగలా. మూటలు కట్టుకునింది. ఇంకేం సూడాల నేను?"



"బోల్టులు ఒక్కసారి కూడా వదులు కాలా," అన్నాడు ధనశేఖర్, నేల చూస్తూ.

"తెలుసు," అంది రాజశ్రీ. "మొదటి ఆదివారమే స్పానరు కొని చూసుకున్నాను."

"మరి రావద్దని ఎందుకు చెప్పలేదు?"

"అది కూడా నేనే చెప్పాలా?"

జ్ఞానాంబ వినపడనట్టు సంచి వెతికి, నీళ్లలో కలిపిన పసుపు గిన్నె తీసింది. నిలబెట్టిన రోజు పైపుకి ఎవరూ బొట్టు పెట్టలేదట, అందుకే ఇన్ని అడ్డంకులట. వేలు ముంచి పైపు దగ్గరికి వెళ్తుంటే రాజశ్రీ అడ్డం వచ్చింది. గిన్నె అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నూనె కలిపినారా అత్తా?"

జ్ఞానాంబ కొడుకు వైపు చూసింది. కొడుకు చెవులు ఎర్రబడ్డాయి.

"నీళ్లేలేమ్మా," అంది.

అయినా రాజశ్రీ వేలితో ఒకసారి రుద్ది చూసుకుని, తర్వాతే పక్కకి జరిగింది.