గుడ్డిబాయి కాడ ఇంకో గుండె

నేను చెప్పబోయేది అబద్ధమనేటోడు మీలో ఎవడన్న ఉంటే ఇప్పుడే లేవాలె. లేచి, ఈ చీకట్ల ఒక్కడే గుడ్డిబాయి దాక పోవాలె. ఆ గోడకు చెవి ఆనిచ్చి, తిరిగొచ్చినంక నాతోని వాదం పెట్టుకోవాలె.

...ఎవ్వలూ లేస్తలేరు గదా? మంచిది. అయితే కూసోని ఇనుర్రి.

గుడ్డిబాయి అంటే నీళ్ల బాయి కాదు. మా దిక్కు బొగ్గు గనిని బాయే అంటం. మా సెంటినరీ కాలనీ నుంచి పాత రోడ్డు పట్టుకొని పోతే సర్కారు తుమ్మల నడుమ ఏటవాలుగ భూమిలకు దిగే ఒక సొరంగం ముఖం కనవడ్తది. బొగ్గు అయిపోయి ఎన్నడో మూసిండ్రు. ముఖానికి అడ్డం ఇటుక గోడ. తుప్పు పట్టిన పట్టాలు మాత్రం ఆ గోడ కిందికెళ్లి లోపలికి పోయినయి — పోయినయి గంతే. కండ్లు మూసిన బాయి గనుక గుడ్డిబాయి.

దాని పేరు ఎంత చెడ్డదంటె, బసంత్‌నగర్ సిమెంటు లారీలు సుత చీకటి పడ్డంక చుట్టు తిరిగి పోతయి గని ఆ రోడ్డు తొక్కవు. కుక్కను తాడు కట్టి గుంజినా ఆడికి రాదు. చలికాలం తెల్లారగట్ల ఆ గోడ పగుళ్లల్లకెళ్లి ఎచ్చటి ఆవిరి బయటికొస్తది... ఆగుతది... మళ్ల వస్తది. లోపల ఎవరో ఊపిరి తీసినట్టు.

నా సంగతి వేరు. నేను పందెం కాసి ఒక రాత్రంత ఆ గోడ మీదనే పండుకున్నోన్ని. నా గురకకు లోపలి దయ్యాలే బేజారై తెల్లారేదాక కిక్కురుమనలే. తాడు తెగి పట్టాల మీద ఉరికొస్తున్న బొగ్గు టబ్బులను ఒట్టి భుజంతోని ఆపినోన్ని నేను. పన్నెండు టబ్బులు! కొందరు ఆరే అంటరు. వాళ్లు ఆ పొద్దు డ్యూటీల లేరు.

గని ఈ కత నాది కాదు. మా కాలనీ వేణుమాధవ్‌ది. తెలంగాణ రాకముందు నాలుగైదేండ్ల కింది ముచ్చట. వాడు నన్ను కాకా అంటడు. వాడు చెప్పింది చెప్పినట్టే చెప్తున్న. ఒక్క ముక్క కలిపితే నా నాలుక మీద నిప్పుకణిక పెట్టుర్రి.

వేణు తండ్రి బిక్షం ఆ గుడ్డిబాయిలనే పనిచేసిండు. ఒకనాడు కప్పు కూలి మీద పడ్డది. వేణు అప్పటికి చెడ్డీ తొడుక్కోరాని పోరడు.

మా బాయిలల్ల ఒక పద్ధతి ఉన్నది. లోపల సచ్చినోన్ని పైకి తెచ్చేటప్పుడు, మోసేటోళ్లు ప్రతి మలుపు కాడ ఆగి పేరు పెట్టి పిలువాలె — "బిక్షం, మలుపు తిరుగుతున్నం, రా." ఇంకో మలుపు వస్తది. మళ్ల పిలువాలె. అట్ల పిలుసుకుంట పిలుసుకుంట ఇంటి గడప దాక తేవాలె. పిలువకపోతే శవం పైకొస్తది గని, మనిషి చీకట్ల తొవ్వ దొరకక ఆడ్నే ఉండిపోతడు.

ఆ పొద్దు లోపల నీళ్లు ఎక్కుతున్నయి. మోసేటోళ్లు పాణాలు అరచేతుల పట్టుకొని ఉరికిండ్రు. ఎవ్వలూ పిలువలే. నేను ఆ షిఫ్టుల లేకపోతి! ఉంటే నా పిలుపుకు బిక్షం ఒక్కడే కాదు, గోదావరి సుత లేచి నా ఎంట నడిచొస్తుండె.

ఆయన పెండ్లాం కనకవ్వ మొగని ఫోటో గోడకైతే పెట్టింది. దండ మాత్రం ఎయ్యలే. ఎవరన్న అడిగితే ఒక్కటే మాట — "మనిషి ఇంటికి రాకముందే దండ ఎట్ల ఏస్త?"

వేణు పెద్దగయిండు. తండ్రి కొలువు కొడుక్కు వచ్చింది. వచ్చినకాన్నుంచి వానికి ఒక్కటే యావ — రెస్క్యూ టీంల చేరాలె. బాయిల మంట లేచినా, గ్యాసు నిండినా, అందరు బయటికి ఉరుకుతుంటె లోపలికి పోయేటోళ్లు వాళ్లు.

"ఎందుకురా నీకు గా పని?" అన్న.

"లోపల ఎవ్వన్నీ ఇడిచిపెట్టి రాకుంట చూసేటోడు ఒకడుండాలె గదనే కాకా" అన్నడు.

గని అండ్ల చేరుడు అల్కగ గాదు. పొగ నింపిన చీకటి గదిల, వీపుకు గాలి డబ్బా కట్టుకొని పాకాలె. వేణు కాళ్లు చేతులు ఇనుమే... గుండెనే ఆగమయ్యేది. చీకట్లకు పోంగనే దడదడదడ. డబ్బా గాలి సగం తొవ్వల్నే గుంజి పారేసేటోడు. రెండుసార్లు ఫెయిలయిండు. టీంకు నేర్పే సదానందం సారు మొఖం మీదనే చెప్పిండు — "ఇంకొక్కసారే వేణూ. ఈసారి సుత నీ గుండె నీ మాట ఇనకపోతే, ఇగ ఈ గేటు దిక్కు రాకు."

గప్పుడు మస్కట్ల ఉండే వాని బావ ఒక వాచి పంపిండు.

"ఇది టైం చెప్తదారా?"

"టైం సుత చెప్తది కాకా. అసలైతే గుండె చెప్తది."

రెండు ముక్కలు ఉన్నయి దానికి. ఛాతీకి చుట్టుకునే నల్ల పట్టీ ఒకటి, చేతికి వాచి ఒకటి. పట్టీ గుండె సప్పుడు ఇంటది, వాచికి చెప్తది. నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటాందో అంకె పడ్తది. పట్టీ లేకపోతే వాచి చెవిటిది — ఉత్త రెండు గీతలు కనవడ్తయి. నాకు సుత కట్టి చూసిండు. అంకె జరసేపు ఆలోచన చేసి నలభై కాడ నిలబడ్డది. "ఇది పులి గుండెనే కాకా" అన్నడు. నేను చెప్పుకుంటలేను, వాడన్నడు.

ఇగ రోజూ తెల్లారగట్ల వాని పరుగు మొదలైంది. నూటయాభై దాటితే నడిచేటోడు. దిగినంక మళ్ల ఉరికేటోడు. నెలలు గడిచినకొద్ది గుండె దారికొచ్చింది. ఒక్క జాగల తప్ప... గుడ్డిబాయి ముంగటికి రాంగనే వాచిల అంకె నూటఎనభై.

ఇంకొకడైతే తొవ్వ మార్చుకుంటుండె. వీడు మొండోడు. "ఈ గోడ ముంగట నా గుండె నిమ్మళంగుంటే, పొగ గదిల నాకు ఫికరే లేదు" అని రోజూ ఆడికే పోయి నిలబడేటోడు. రోజూ ఓడిపోయి వచ్చేటోడు.

పరీక్ష ఇంకొక్క దినం ఉన్నది.

ఆ తెల్లారగట్ల లేచి చూస్తే పట్టీ లేదు. రాత్రి సంది కరెంటు లేదు, కాలనీ అంత కండ్లల్ల పొడుచుకున్నా కనవడని చీకటి. గోడలు తడుముకుంట ఎతికిండు.

"అవ్వా, నా పట్టీ ఏది?"

"చెమట కంపు కొడ్తాందని సబ్బు నీళ్లల్ల నానేసిన గదరా. బకీట్ల ఉన్నది."

"అయ్యో అవ్వా! అది బనీనా?"

ఏం చేస్తడు? ఉత్త వాచి పెట్టుకొని ఎల్లిండు.

మంచు. దానిల కాలనీ బొగ్గు పొయ్యిల పొగ కలిసింది. చెయ్యి చాపితే వేళ్లు కనవడ్తలేవు. రోడ్డు మీద వాని బూట్ల సప్పుడు ఒక్కటే.

గుడ్డిబాయి వచ్చింది.

నిలబడ్డడు. పట్టీ లేదని తెలిసినా, అలవాటు కొద్ది వాచి బటను ఒత్తిండు. చిన్న దీపం ఎలిగింది.

గీతలు లేవు.

యాభై ఎనిమిది.

వాడు మెడ మీద ఏలు పెట్టి చూసుకున్నడు. వాని గుండె తాడు తెగిన టబ్బు లెక్క ఉరుకుతాంది. వాచిల మాత్రం — యాభై ఎనిమిది. నిద్రపోతున్నోని గుండె.

నాలుగడుగులు ఎనుకకు జరిగిండు. గీతలు.

ముందుకొచ్చిండు. యాభై ఎనిమిది.

చెయ్యి గోడ దిక్కు చాపిండు... అంకె పక్కన చిన్న గుండె బొమ్మ — ఎలుగుతాంది, ఆరుతాంది. ఎలుగుతాంది, ఆరుతాంది.

"ఎవరు?" సగం ఊపిరితోని అన్నడు.

అరవై నాలుగు.

గోడ పగులుల నుంచి ఎచ్చటి గాలి మొఖానికి తాకింది.

"లోపల... ఎవరున్నరు?"

ఎనభై. తొంభై ఎనిమిది. నూటపదహారు...

అంకె ఎక్కుతనే ఉన్నది. నూటనలభై — నూటడెబ్బై — నూటఎనభై —

నూటఎనభై!

ఆ అంకె వానికి కొత్తదా? రోజూ ఈ గోడ ముంగట, చీకట్ల, ఒక్కడే భయంతోని నిలబడ్డప్పుడు వాని గుండె ఎక్కేది ఆడికే. అది మీద పడి పీకుదామనే గుండె కాదని వానికి అర్థమైంది. లోపలున్నోడు భయపడుతున్నడు. బయట ఏదో అలికిడి ఇని... చీకట్ల... ఇన్నేండ్ల సంది ఒక్కడే...

వేణు చెయ్యి గోడకు ఆనిచ్చిండు.

"బాపూ" అన్నడు. "నేను. వేణుని."

అంకె ఆగింది.

"భయపడకు బాపూ. ఇంటికి పోదాం."

నూటయాభై... నూటఇరవై... తొంభై. ఆగాగి దిగింది. చిత్రమేందంటే, వాని మెడ కాడ కొట్టుకునే గుండె సుత దానితోనే దిగింది.

వాడు గోడకు వీపు తిప్పి నడిచిండు. ఎనుకకు చూడలే. పాత రోడ్డు మలుపు వచ్చింది. గొంతు సవరించుకొని పిలిచిండు —

"బాపూ, మలుపు తిరుగుతున్నం. రా."

వాచి చూసిండు. డెబ్బై రెండు. ఎంటనే ఉన్నది.

క్యాంటీను మలుపు కాడ చలికి పండ్లు కొట్టుకుంట పిలుచుడు మరిచిండు. పది గజాలు పోయి చూస్తే... గీతలు. ఉరికొచ్చి మలుపుల నిలబడి, "బాపూ! ఇటు! మలుపు తిరుగుతున్నం, రా!" అని అరిచిండు.

ఏం లేదు.

ఏం లేదు...

డెబ్బై రెండు.

ఇగ ఆఖరి మలుపు, వాళ్ల క్వార్టర్ల సందు. ఆడ సుత పిలిచిండు. ఇంటి ముంగటికి వచ్చేసరికి కనకవ్వ గడప మీద నిలబడి ఉన్నది. చేతుల చెంబు. సందు చివర్నుంచే పిలుపు ఇన్నదట. ఏందిరా అని అడగలే. ఎందుకు అడుగుతది, ఆ పిలుపు తెలువని బాయి ఇల్లాలు ఉంటదా?

కొడుకు కాళ్ల మీద నీళ్లు పోసింది. సగం చెంబు ఉంచుకున్నది. ఆ సగం — వాని పక్కన, ఎవ్వలూ లేని నేల మీద — పైలంగ పోసింది.

"జల్ది లోపలికి రార్రి ఇద్దరు" అన్నది. "చలి పెడ్తాంది."

వేణు గడప దాటి వాచి చూసిండు. అరవై. యాభై. నలభై... నిద్రపోయేటోని లెక్క నిమ్మళంగ దిగి, దిగి —

రెండు గీతలు.

పట్టీ బకీట్ల సబ్బు నురుగుల అట్లనే ఉన్నది. పొద్దెక్కినంక కనకవ్వ బంతిపూలు తెప్పించి బిక్షం ఫోటోకు దండ ఏసింది.

తెల్లారి పరీక్ష. పొగ గదిలకెళ్లి వేణు బయటికి వస్తే, డబ్బాల ఇంక గాలి మిగిలే ఉన్నది. సదానందం సారు నాడి పట్టుకొని నోరెళ్లబెట్టిండు. "ఏందిర నీ గుండె, లోపల పండుకున్నదా?"

"లోపలుండేటోడు మనకంటె ఎక్కువ భయపడ్తడు గద సారూ" అన్నడట వేణు. "ఇద్దరం భయపడితే ఎట్ల?"

టీంల పేరు ఎక్కింది.

వాడొచ్చి నాకీ కత చెప్తే నేను పగలబడి నవ్విన. దయ్యాలకు గురక నేర్పినోన్ని, నాకా? "పిచ్చోడా, ఆ రోడ్డు పొంట మీ సందు దాక హై టెన్షన్ తీగలు ఉన్నయి. కరెంటు తీగల కింద గిసొంటి వాచీలు పిచ్చి లేసినట్టు ఏ అంకె పడితే ఆ అంకె చూపిస్తయి. మస్కట్ పోయొచ్చినోళ్లను అడుగు" అన్న. వాడు నవ్విండు. "అయ్యుంటది తియ్ కాకా" అన్నడు.

అంతే! చిక్కు ముడి ఇప్పింది నేనే. కాలనీ హోటల్ల, బస్‌స్టాండుల, మంగలి దుకాణంల, ఎక్కడ కూసుంటే ఆడ చెప్పిన — దయ్యం లేదు, గియ్యం లేదు, కరెంటు తీగలే అని.

ఒకనాడు హోటల్ల బల్ల గుద్ది గిదే చెప్తున్న. పక్క బల్ల కాడ లైన్‌మన్ మొగిలి చాయ తాగుతున్నడు. వాడు సాసరు కింద పెట్టిండు.

"ఏ పొద్దు సంగతే అన్నా?"

"పరీక్ష ముందు దినం. కాలనీల కరెంటు లేకుండె, గదే తెల్లారగట్ల."

మొగిలి నా దిక్కు చూసిండు.

"కరెంటు ఎందుకుంటదే? ఆ రాత్రి తీగ తెగింది. లైనంత బంద్ పెట్టించింది నేను. పోరడు పిలుసుకుంట పోవుడు మంచుల నాకు ఇనవడ్డది, నేను క్యాంటీను కాడి స్తంభం మీదనే ఉన్న." రెండు చేతులు నా ముంగట చాపిండు. "ఆ తీగను ఈ చేతులతోనే పట్టుకోని కూసున్న. దాంట్ల కరెంటు ఉంటే నీతోని గిట్ల కూసోని మాట్లాడుదునా?"

నా చేతిల చాయ చల్లగైంది. కరెంటు తీగలే అని ఆ పొద్దు సంది ఎవ్వలకూ చెప్పలే.

మొగిలి ఇప్పటికీ ఉన్నడు. సెంటినరీ కాలనీల ఎవ్వన్నడిగినా ఇల్లు చూపిస్తరు. పోయి అడుగుర్రి — లైన్‌మన్ మొగిలి.