కృప పేరు ఎక్కిన ఆదివారం

గోదావరిఖనిలో గొంతు పెంచని ఇల్లంటూ ఒకటుంటే అది మా క్వార్టరే. ఆ ఆదివారం పొద్దున గని సైరను మోగితే, మా ఇంటి అరుపుల్లో అది వినపడక సగం కాలనీ డ్యూటీకి ఆలస్యమైంది.

గొడవ మా అన్న సంపత్ కూతురు కృప గురించి. దానికి ఐదు నెలలు. ఇవాళే చర్చిలో బాప్తిస్మం ఇప్పించాలని అమ్మ పట్టు. అన్న పెళ్లయ్యాక కాసిపేటలోని వదిన వాళ్ల సంఘానికి మారాడు. అక్కడ ఎదిగి, నమ్మి, నీళ్లలో మునిగినవాళ్లదే బాప్తిస్మం.

నైట్ షిఫ్టు నుంచి వచ్చిన అన్నకు కృప తెల్లగౌనులో కనపడింది. పక్కనే మా పాస్టరు అయ్యగారు, చేతిలో చాయ్‌తో.

"ఏందమ్మా గిది? నన్ను అడగకుండనే?"

"నువ్వే ఒప్పుకున్నవంట గదరా!"

"నేనా? ఎప్పుడు?"

అమ్మ అయ్యగారి వైపు చూసింది. అయ్యగారు చాయ్ వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను.

"పసిదానికేం తెలుసు? పెద్దగై అదే నమ్మాలె" అన్నాడు అన్న.

"బైబిల్ల ఎనిమిదో నాడు సున్నతి చేసినప్పుడు ఇస్సాకును అడిగిండ్రా? దేవుడు మాటిచ్చింది తండ్రికి, పిల్లలకు కలిపి. గప్పుడు సున్నతి గుర్తు, గిప్పుడు బాప్తిస్మం."

"ఆ ఇస్సాకు కొడుకు ఏశావుకు గూడ అయిందిగా సున్నతి? ఏం లాభమైంది, దేవుని మాట లెక్కచెయ్యకపాయె?"

అమ్మ గొంతు తగ్గించింది. నలభై ఏళ్లలో ఇదే మొదటిసారి. కొంగుతో కళ్లొత్తుకుంది.

"నీకు ఇప్పించిననాడు మీ నాయిన సంబురంతోని ఏడ్చిండు. ఇప్పుడు గది ఉత్త నీళ్లంటవా, కొడకా?"

అన్న తల దించుకున్నాడు. అప్పుడు వదిన విద్య బీరువాలోంచి కంపెనీ దవాఖాన కార్డు తెచ్చి అతని ముందు పెట్టింది.

"కృప పుట్టిన పదోనాడే దీంట్ల పేరు ఎక్కించినవ్. అది గనిల దిగిందా? ఎక్కించుమని అడిగిందా?"

"నా బిడ్డ గాబట్టి ఎక్కించిన."

ఆ మాట అన్నాక అన్న కార్డు చేతిలోకి తీసుకున్నాడు.

"నేను మునిగి తీసుకున్నదాన్నే" అంది వదిన. "కానీ కార్డు ఉన్నంత మాత్రాన జొరం తగ్గదు. దవాఖానకు నడవాలె, మందు మింగాలె. ఏశావు నడవలే. మన బిడ్డ రేపు నడుస్తదో లేదో, నేర్పుడు మన పని. ఇంకోటి, సున్నతి మగపిల్లలకే ఉండె. ఈ గుర్తు నా ఆడబిడ్డకు గూడ ఉన్నది!"

అన్న కార్డు మీద కూతురి పేరును వేలితో తడిమాడు. లేచి ముఖం కడుక్కుని, కృపను ఎత్తుకున్నాడు.

"కార్డుల నేనే ఎక్కించిన. చర్చికి గూడ నేనే ఎత్తుకపోత. నడువమ్మా."

నుదుట నీళ్లు పడగానే కృప పెట్టిన కేకకు గోదావరి అవతల మంచిర్యాలలో కుక్కలు లేచాయి. చర్చంతా చప్పట్లు. అమ్మ ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, మరో చేత్తో వదినను గట్టిగా పట్టుకుంది.

బయటికొచ్చాక అన్నకు గుర్తొచ్చింది.

"అయ్యగారూ, నేను ఒప్పుకున్నట్టు మీకు చెప్పిందెవరు?"

"నువ్వే గద నాయినా, ఫోన్‌ల. కొంచెం జలుబు చేసినట్టుండె నీకు."

అందరూ నా వైపు తిరిగారు. చివరికి కృప కూడా.

"చెల్లే...?"

"ముక్కు మూసుకొని నీ లెక్క మాట్లాడిన అన్నా. తప్పయింది. కానీ గొంతు పెంచలే. మార్చిన, గంతే."