విసుగెరగని గొంతు

ఆ ఉదయం వంటింట్లో పాలు కాస్తూ నిలబడిన ఆమెకు, కూతురి గదిలోంచి తన గొంతే వినిపించింది.

"తొందరేం లేదమ్మా. నెమ్మదిగా చెప్పు, వింటున్నాను."

ఆమె పెదవులు కదలలేదు. స్టవ్ దగ్గరికి చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. పేపరు మడుస్తూ లోపలికి వచ్చిన భర్త ఆమెను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నువ్విక్కడున్నావా? మరి చిట్టి గదిలో..."

"అది మా బ్యాంకు గొంతండీ" అంది. 

ఆమె బ్రాంచి మేనేజరు. ఖాతాదారులతో ఫోన్లో మాట్లాడే యంత్రాన్ని చాలా బ్యాంకులు కొన్నాయి. జనం రెండు ముక్కలు విని పెట్టేసేవారు. ఆమె మాత్రం దాన్ని తయారుచేసేవాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. "ముందే నంబరు అడక్కండి, మనిషిని పలకరించండి. ఎన్నిసార్లు అడిగినా మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాలి" అని పట్టుబట్టింది. చివరికి గొంతు కూడా తనదే ఇచ్చింది. ముసలివాళ్ళు సైతం ఆ గొంతుకు అలవాటుపడ్డారు. కౌంటర్ల ముందు క్యూలు తగ్గాయి, కొత్త ఖాతాలు పెరిగాయి. "యంత్రం అందరి దగ్గరా ఉంది. దానికి మర్యాద నేర్పిన మేనేజరు మనకే ఉంది" అన్నాడు జనరల్ మేనేజరు. మిగతా బ్రాంచీల మేనేజర్లకు ఆ కిటుకు నేర్పడానికి ఆమె ఆ ఉదయమే ప్రయాణం కావాలి.

"మళ్ళీ చెప్పు" అంటోంది లోపల కూతురు.

"తొందరేం లేదమ్మా. నెమ్మదిగా చెప్పు, వింటున్నాను."

"మళ్ళీ."

అదే మాట, అదే మెత్తదనం. ఇంట్లో తను అలా మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు. గదిలో ఉన్నదే అసలు తల్లి, ఇవతల నిలబడ్డది ఎవరో పరాయి ఆడమనిషి అనిపించింది. తన ఇంట్లో తలుపు తొయ్యడానికే భయం వేసింది.

"కొన్నాళ్ళుగా వింటున్నాను" అన్నాడు భర్త గొంతు తగ్గించి. "తల్లీకూతుళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారులే అనుకున్నా. నిన్న నువ్వు వెళ్ళిపోయాక కూడా వినపడింది. ఏదో మర్చిపోయి తిరిగొచ్చావేమోనని గుమ్మంలోకి చూశాను. నీ చెప్పులు లేవు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మతి పోయిందంటావని."

ఆమె స్టవ్ కట్టేసి వెళ్ళి తలుపు తోసింది. చిట్టి గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని, ఫోను కుడిచెవికి నొక్కిపట్టుకుని కూర్చుంది. తలుపు చప్పుడుకు కదలలేదు.

"చిట్టీ, ఏంటమ్మా ఇది?"

"ఇంకేమైనా చెప్పాలా అమ్మా?" అంది ఫోను, అదే క్షణంలో. రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పిల్ల మాత్రం ఒకదానికే తలూపింది.

ఆమె ఫోను లాక్కుంది.

"నేను బతికుండగా ఈ బొమ్మతో మాటలేంటే? నీకేం తక్కువ చేశామని?"

చిట్టి ఆమె పెదవులనే చూస్తోంది. "ఏంటి?"

ఆమె గొంతు పెంచింది. "చెవిలో ఏం దూరిందే నీకు? ఈమధ్య ప్రతి మాటా పదిసార్లు చెప్పించుకుంటావు."

"అవునమ్మా, ఏదో దూరినట్టే ఉంటుంది" అంది చిట్టి. "గుయ్యిమంటుంది. ఎడమ చెవి అసలు వినపడట్లేదు. ఇది కూడా నీళ్ళల్లో మునిగినట్టుంటోంది."

తండ్రి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"నాతో ఒక్క మాట చెప్పొద్దూ?" అంది తల్లి. చిట్టికి అర్థం కాలేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల కుడిచెవి దగ్గర మళ్ళీ అడిగింది.

"చెబుదామని వచ్చాను. ఫోన్లో ఉన్నావు, ఆగమన్నావు. ఇంకోసారి వస్తే విసుక్కున్నావు. ఇది విసుక్కోదు. ఎన్నిసార్లడిగినా చెబుతుంది." చిట్టి తల వంచుకుంది. "చెవులు పూర్తిగా పోకముందే నీ గొంతు కంఠతా పట్టేద్దామనుకున్నా. కోప్పడే గొంతు కాదు. ఇది."

బయట బ్యాంకు కారు హారన్ మోగింది. ఆమె జనరల్ మేనేజరుకు ఫోన్ చేసింది.

"రాలేను సార్. మా అమ్మాయిని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."

"అందరూ మీ కోసమే వచ్చారండీ. పోనీ సాయంత్రానికి?"

"చెప్పలేను సార్. నా కోసం చూడొద్దు."

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఆశ పెట్టలేదు, అలాగని కొట్టిపారేయలేదు. ఎడమచెవి తిరిగి రాదు. కుడిది మందులతో నిలవొచ్చు, ఇంకొంచెం ముందే రావాల్సింది అన్నాడు. తండ్రి మందులు తేవడానికి వెళ్ళాడు. తల్లీకూతుళ్ళు వరండా బెంచీ మీద మిగిలారు.

ఆమె పిల్ల కుడిపక్కకు జరిగి ఏదో మెత్తగా అనబోయింది.  చిట్టి చెయ్యి చాపి, వేళ్ళు తల్లి గొంతు మీద ఆనించింది.

"చెప్పమ్మా."

"ఏం చెప్పనే?"

"ఏదైనా."

"నువ్వు పుట్టినప్పుడు ఏడవలేదే. అందరూ కంగారుపడ్డారు. నేను పిలిచాను. అప్పుడు..."

అక్కడితో మాట తెగిపోయింది. వెక్కిళ్ళు ఒకదాని వెనక ఒకటి పిల్ల వేళ్ళ కింద కొట్టుకున్నాయి. చిట్టి చెయ్యి తియ్యలేదు.

"ఇది ఆ ఫోన్లో లేదమ్మా" అంది.