సిద్దప్ప ఎవర్ని కొట్టినాడు?

బిడ్డకు భీమరావు అని పేరు పెట్టేటప్పుడు ఏ తల్లిదండ్రులకైనా కాస్త ఆశ ఉంటుంది. పుంగనూరు భీమరావు ఆ ఆశను యాభై రెండు కిలోల దగ్గర నిలబెట్టేశాడు. "మన ఊరి ఆవులే మూడడుగులు, నువ్వు ఇంతన్నా పెరిగినావు, సంతోషం" అని మేనత్త బయ్యమ్మ ఓదార్చేది. ఆ ఓదార్పుకు వాడికి ఇంకో అంగుళం తగ్గినట్టు అనిపించేది.

ఇలాంటివాడికి లోకంలో ఇష్టమైనది హెవీవెయిట్ బాక్సింగ్. ఆడటం కాదు, ఫోనులో చూడటం. చూసింది చాలక దాని గురించి అరవటం.

మదనపల్లె టమాటా మార్కెట్ యార్డులో సూపర్‌వైజరుగా పనిచేసే ఈ వీరుడు ఒక సోమవారం పొద్దున, జోరువానలో, పుంగనూరు బస్టాండులో బస్సెక్కాడు. కూర్చోగానే ఫోన్ తీశాడు. బస్సులో సగం మంది నిద్రలో ఉన్నారన్న సంగతి అయ్యగారికి పట్టలేదు.

"రేయ్, నేను చెప్తాండా గదా! టైసన్ ముందర అలీ ఒక్క రౌండు నిలబడడు. ఇరవై ఏండ్లకే ఛాంపియన్ అయినోడురా!"

ముందు సీట్లోంచి ఒక తల వెనక్కి తిరిగింది. తడిసిన జుట్టు, నిద్ర చెడిన కళ్లు.

"ఎవర్ని కొట్టినాడు?" అంది ఆ అమ్మాయి.

"ఎవరు?"

"మీ టైసనే. ఎవర్ని కొట్టి అంత గొప్పోడైనాడు? పేర్లు చెప్పు."

భీమరావు ఫోను పెట్టేశాడు. ప్రేమలో పడేవాడు మొదట చేసే పని అదే కాబట్టి, దాన్ని గుర్తుపెట్టుకుందాం.

"లారీ హోమ్స్‌ను కొట్టినాడు."

"ముప్పై ఎనిమిదేండ్లాయన్ను, రిటైరై ఇంట్లో ఉంటే పిలిపించి కొట్టినాడు. అది కూడా లెక్కేనా? అలీని సూడు. లిస్టన్, ఫ్రేజియర్, ఫోర్‌మన్. అందరూ ఒగర్ని మించి ఒగరు."

"ఎదురుగా ఎవరొస్తే వాళ్లనే గదమ్మా కొట్టాల? రానోళ్లను యాడికి పొయ్యి కొడతాడు?"

"డగ్లస్ వచ్చినాడు గదా టోక్యోలో. ఏమైంది మరి?"

భీమరావు కిటికీ వైపు తిరిగి వాన చూడసాగాడు. టోక్యోలో అనామకుడైన డగ్లస్ చేతిలో టైసన్ చిత్తయిన సంగతి ఏ అభిమానీ ఇంట్లో కూడా ఎత్తడు.

"ముందు టికెట్ తీసుకోండప్పా," అన్నాడు కండక్టర్, "ఆమీట కొట్టుకుందురు."

ఆమె పేరు ప్రమీల. సొంతూరు కుప్పం, మదనపల్లెలో ఒక ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. శనివారం ఇంటికి పోయి సోమవారం తిరిగొస్తుంది. ఈ వివరాలన్నీ భీమరావు ఎంతో తెలివిగా, ఎవరికీ అనుమానం రాకుండా రాబట్టానని అనుకున్నాడు. బస్సులో వాళ్లందరికీ అనుమానం వచ్చింది.

తర్వాతి సోమవారం నుంచి వాడు కావాలనే ఆ బస్సు కోసం ఆగేవాడు. ముందు బస్సు ఖాళీగా పోయినా ఎక్కేవాడు కాదు. జో లూయిస్ ఇరవై ఐదుసార్లు బెల్టు కాపాడుకున్నాడని వీడంటే, "ఆయనకు ఎదురొచ్చినోళ్లను అమెరికావోళ్లే ఎగతాళి చేసినారు, తెలుసా?" అని ఆమె అనేది. మార్సియానో ఒక్కసారి కూడా ఓడలేదంటే, "ముసలి లూయిస్‌ను కొట్టి పేరు తెచ్చుకున్నాడు" అనేది. అలీ తప్ప ఆమె తక్కెడలో పడి నిలిచిన ఛాంపియన్ లేడు.

"మా యార్డులో సూడు," అన్నాడు ఒకసారి భీమరావు ఉడుక్కుని. "ఒగ యేడు కిలో వంద పలికిన కాయే ఇంగొక యేడు పది పలకదు. కాయ మారిందా? ఎదురొచ్చే సరుకు మారింది. కోలారు లోడ్లు దిగితే మన రేటు పడిపోతుంది. దాంట్లో కాయ తప్పేముండాది?"

"అట్లని పోటీ లేనప్పుడు వంద పలికిన కాయకు దండేసి ఊరేగిస్తావా?"

కిటికీ షట్టరు ఇరుక్కుపోయి వాన జల్లు ఇద్దరి మీదా పడుతోంది. ఆమె తన గొడుగు తెరిచి, సగం వాడి వైపు వంచింది. బస్సు లోపల గొడుగు పట్టుకున్న ఇద్దరిని చూసి కండక్టర్ తల కొట్టుకున్నాడు.

వానలు తగ్గే కాలానికి భీమరావుకు ధైర్యం వచ్చింది. మదనపల్లె బస్టాండులో దిగాక ఆమె దారికి అడ్డంగా నిలబడ్డాడు. నిలబడి, అలాగే నిలబడ్డాడు.

"చెప్పేదేదో చెప్పప్పా. రెఫరీ పది దాకా లెక్కపెడతాండాడు. ఆరు... ఏడు..."

"నువ్వంటే నాకు ఇష్టం."

"ఎనిమిది. బతికిపోయినావు," అంది ప్రమీల. నవ్వింది కానీ, వెంటనే ముఖం ముడుచుకుంది. "నాక్కూడా ఇష్టమే. కానీ మా అమ్మ ఒగ సంబంధం సూసి పెట్టింది. పవన్ కుమార్ అని, బెంగళూరులో సాఫ్ట్‌వేరు. ఆరడుగులు. జిమ్ముకు పోతాడంట. ఈ ఆదివారం పోయి పై ఆదివారం వస్తాడు."

ఆరడుగులు అన్న మాట దగ్గరే భీమరావు కూలిపోయాడు. జిమ్ము దాకా వినిపించుకోలేదు.

"దానికి ముందు ఆదివారం నువ్వు రా," అంది ఆమె. "మా నాయన ఊఁ అంటే అమ్మ కూడా ఊఁ అంటుంది. నాయన్ను మెప్పియ్యి. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా ఉన్నప్పుడు బాక్సింగ్ ఛాంపియన్. హెవీవెయిట్. కుప్పంలో యాడ అడిగినా బాక్సర్ సిద్దప్ప ఇల్లు చూపిస్తారు. బాక్సింగ్ మాట్లాడినావంటే కరిగిపోతాడు."

ఒక మనిషికి గొయ్యి తవ్వాలంటే ఇంతకంటే మంచి సలహా ఉండదు. పాపం, ఆ పిల్ల మంచి మనసుతోనే ఇచ్చింది.

ఆదివారం భీమరావు మేనత్తను వెంటబెట్టుకుని కుప్పంలో దిగాడు. పిల్లను చూడబోయేవాళ్లు పండ్లు తీసుకుపోతారు. మార్కెట్ యార్డు మనిషి కాబట్టి వీడు ఒక బాక్సు టమాటాలు మోసుకొచ్చాడు.

"పండ్లు తెస్తారనుకుంటిమే," అంది ప్రమీల తల్లి మునిరత్నమ్మ.

"అవీ పండ్లేనమ్మా, ఫస్టు క్వాలిటీ," అన్నాడు భీమరావు. బయ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సిద్దప్ప లోపలి గదిలోంచి వచ్చేసరికి వాకిలి నిండిపోయింది. అంత మనిషి. గోడ మీద అద్దాల ఫ్రేములో మెడల్, పక్కన ఫోటో: రింగులో గ్లౌజులతో యువ సిద్దప్ప, ఆయన చెయ్యి పైకెత్తి పట్టుకున్న రెఫరీ. మిక్చరు ప్లేటు ముందుకు జరిగింది. కాఫీ వచ్చింది. ఉద్యోగం, జీతం, అన్నదమ్ములు అన్నీ అయిపోయాయి. సిద్దప్ప ముఖంలో మెచ్చుకోలు జాడ లేదు.

భీమరావు ఫోటో వైపు చూశాడు. ఇదే అదను అనుకున్నాడు. ఆరు నెలలుగా ప్రతి సోమవారం నేర్చుకున్న విద్య నాలుక మీదికి వచ్చింది.

"సార్, ఫైనల్లో మీరు ఎవర్ని కొట్టినారు?"

సిద్దప్ప చేతిలోని గ్లాసు ఆగిపోయింది. ఆయన ఫోటోను చూశాడు, కూతురిని చూశాడు, గ్లాసు కింద పెట్టి లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

"ఏమడిగితివిరా సామీ!" అంది బయ్యమ్మ. మునిరత్నమ్మ టమాటాల బాక్సు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమెకు బెంగళూరు సంబంధం కళ్ల ముందు మెరుస్తూ ఉండాలి.

ప్రమీల వాడిని వసారాలోకి లాక్కుపోయింది. "నోరు ఊరకుండదా నీకు? ఏమని అడిగినావు మా నాయన్ను?"

"నువ్వు లోకాన్నంతా అడిగే ప్రశ్నే గదా! టైసన్‌కొక న్యాయం, మీ నాయనకొక న్యాయమా?"

ఆమె పెరటి వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. లోకంలోని ఛాంపియన్లందరినీ నిలదీసిన పిల్ల, ఇంట్లో ఉన్న ఛాంపియన్‌ను ఎన్నడూ అడగలేదు. అవసరం అనుకోలేదు. ఇప్పుడు మొదటిసారి భయం వేసింది.

ఇద్దరూ పెరట్లోకి వెళ్లారు. సిద్దప్ప కొళాయి దగ్గర రాతి మీద కూర్చుని ఉన్నాడు. అంత పెద్ద మనిషి అంత చిన్నగా కూర్చోగలడని భీమరావు అనుకోలేదు.

"ఎవర్నీ కొట్టలేదప్పా," అన్నాడు ఆయన తలెత్తకుండా. "ఏడాది పొడుగునా పట్టాల పక్కన పరిగెత్తినా. పోటీ దినం గ్లౌజులేసుకుని రింగెక్కినా. ఎదురు మూల ఖాళీ. హెవీవెయిట్‌కు నేనొక్కడే పేరిచ్చినానంట. వాకోవర్ అన్నారు, ఆడకుండానే గెలిచినావని చెయ్యెత్తినారు, ఫోటో తీసినారు. ఊరికొస్తే అందరూ ఎవరినో కొట్టినానని అనుకున్నారు. నేను కాదనలేదు."

"నాయనా..." అంది ప్రమీల.

"నువ్వు ఒగొక్క ఛాంపియన్‌ను ఎవర్ని కొట్టినాడని అడగతా ఉంటే, ఒగ దినం నన్ను అడుగుతావని భయంగా ఉండేదమ్మా."

ప్రమీల ఆయన పక్కన కూలబడి చెయ్యి పట్టుకుంది. పేర్లన్నీ నోటికి వచ్చిన పిల్లకు ఆ క్షణాన ఒక్క పేరూ పనికిరాలేదు.

పెద్దల మాటల మధ్య దూరకూడదని భీమరావుకు ఎవరూ నేర్పలేదు. ఈసారికి అది మంచిదే అయింది.

"సార్, టైసన్ గురించి కూడా ఇదే మాట చెప్తా నేను. ఎదురుగా ఎవరొస్తారనేది మన చేతిలో లేదు. రింగెక్కేది మన చేతిలో ఉండాది. మీరు ఏడాది పరిగెత్తి, రింగెక్కినారు. రావాల్సినోడు రాకపోతే వచ్చినోడిది తప్పెట్లయితుంది? ఆ మెడల్ మీదే సార్. ఆ వయసులో మిమ్మల్ని సూసుంటే నేనైతే బస్టాండు నుంచే తిరిగి పోయి ఉంటా."

సిద్దప్ప తలెత్తాడు. యాభై రెండు కిలోలను పైనుంచి కింది దాకా చూశాడు. గొంతులో ఏదో కదిలింది. అది నవ్వని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

"పిట్ట కొంచెం కూత ఘనం," అన్నాడు. "సరే, ఇప్పుడు నేను అడగతా. నా కూతురి కోసం వచ్చినావు గదా, నువ్వు ఎవర్ని కొట్టినావప్పా? పై ఆదివారం పవన్ కుమార్ వస్తాడు. ఆరడుగులు."

భీమరావు చొక్కా సర్దుకున్నాడు. "రానీండి సార్. ఓడిపోతానేమో తెలీదు. వారమంతా ఈడనే ఉంటా, యాడికీ పోను."

"ఈడ పండుకునేదానికి చోటు లేదు," అంది ప్రమీల కళ్లు తుడుచుకుంటూ. "అయినా ఆయప్ప రాడులే నాయనా. మొన్ననే ఫోన్ చేసి, నా మనసులో ఇంగొకరుండారు, రావద్దండి అని చెప్పేసినా."

పెరటి గుమ్మంలో నిలబడి వింటున్న మునిరత్నమ్మ, "ఓసి నీ అఘాయిత్యం కూలా!" అంది. కానీ తిట్టుకు ఉండాల్సిన బలం అందులో లేదు. ఆమె మొగుడు నవ్వడం చూసి అప్పటికే సగం మెత్తబడి ఉంది.

భీమరావు ముఖం మాత్రం వెలిగి, వెంటనే వాడిపోయింది. "అంటే... నాది కూడా వాకోవరేనా? ఇంత దూరం వచ్చి నేను ఎవర్నీ కొట్టలేదా?"

"ఎదురు మూల ఖాళీ చేసింది నేనే," అంది ప్రమీల. "రింగెక్కుతావో లేదో సూద్దామని ఎదురుసూస్తాంటి. ఎక్కినావు. ఇంగ నేను ఎవర్నీ ఆ మాట అడగను."

"టైసన్‌ను కూడానా?"

"టైసన్‌ను అడుగుతా."

సిద్దప్ప లేచి నిలబడ్డాడు. భీమరావు మణికట్టు పట్టుకుని, ఫోటోలో రెఫరీ ఎత్తినట్టే, చెయ్యి పైకెత్తాడు. ఆయన ఎత్తుకు ఎత్తేసరికి భీమరావు మడమలు నేల వదిలేశాయి. వాడు అలా వేలాడుతూనే ప్రమీల వైపు చూసి నవ్వాడు.

"దించండి మామా," అన్నాడు కాసేపటికి. "చెయ్యి నొప్పెడతాంది."