తొమ్మిది నిమిషాల ఖాళీ

పైడిరాజు తలలో యుద్ధం లేదు.

డాక్టర్ నఫీసా తెరను మళ్ళీ చూసింది. చంద్రుడి మీద మంచు గనుల కోసం జరిగిన పోరులో పద్నాలుగు నెలలు ఉన్న సైనికుడు. శిక్షణ ఉంది, వెళ్ళడం ఉంది, తిరిగి రావడం ఉంది. మధ్యలో తొమ్మిది నిమిషాలు కత్తిరించినట్టు ఖాళీ. వ్యథామాపకం ముల్లు సున్నా దగ్గరే నిలబడింది, రెండేళ్ళ కిందటి మొదటి పరీక్షలోలాగే.

2094లో మనసుకు తగిలిన గాయానికి సాక్షులు అక్కర్లేదు. వ్యథామాపకం న్యూరల్ స్కాన్‌తో ఆ జ్ఞాపకాన్ని, దానితో ముడిపడిన పేర్లూ ముఖాలతో సహా బయటికి తీసి, గోరంత స్మృతిబిళ్ళలోకి ఎక్కించి, బరువు తూచి, మూడు నిమిషాల్లో తిరిగి తలలో పెట్టేస్తుంది. ముల్లు నలభై దాటితే చికిత్సాలయంలో చోటు. దాటకపోతే ఇంటికి. పైడిరాజుకు ఇది ఆఖరి అప్పీలు.

"కుక్కర్ కూతేస్తే బల్ల కిందకి దూరిపోతన్నానండి," అన్నాడతను. "ఎందుకో నాకే తెల్దు. ఇంట్లో కుక్కరెట్టి రెండేళ్ళయింది. మా పాప నా దగ్గరికి రావడమే మానీసింది."

"మరి మొదటి పరీక్షకు ముందు ఇచ్చిన అర్జీలో ఏం రాశారు?"

"అదీ గుర్తు లేదండి."

అప్పీలు దాకా ఎవరూ విప్పకూడని ఆ అర్జీ సీలును నఫీసా విప్పింది. పైడిరాజు తన చేతిరాతను పరాయి ఉత్తరంలా చదువుకున్నాడు. లోకనాథం సూటు చిరిగింది. గాలి పోతున్న బుస్సు రేడియోలో వినిపించింది. తొమ్మిది నిమిషాలు వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"ఈ లోకనాథం ఎవరండీ?" అతను ఆ పేరు మీద వేలు పెట్టాడు. "ఎవరో నాకు బాగా కావలసినోడిలాగున్నాడు."

అప్పుడే యంత్రం నడిపే పారినాయుడు తలుపు తోసుకుని వచ్చాడు. ఆ గదిలో ఇరవయ్యేళ్ళుగా ఉన్న ముసలాయన.

"ఇంకోపాలి తూద్దుమా తల్లీ? లెగు, జున్నూ."

పైడిరాజు ఉలిక్కిపడి లేచాడు. "ఏటన్నారు? నన్నెవులూ అలా పిలవరు!" కళ్ళ వెంట నీళ్ళెందుకు కారుతున్నాయో అతనికి తెలియలేదు.

నఫీసా కాగితం చివరి వరుస చూసింది. 'నన్ను జున్నూ అని పిలిచేది వాడొక్కడే.'

"నాయుడుగారూ, ఆ పేరు మీకెలా తెలుసు?"

ముసలాయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. గోరంత బిళ్ళను తీసి బల్ల మీద పెట్టాడు. వేళ్ళు మాత్రం దాని మీంచి తియ్యలేదు.

"నానే తీసినాను తల్లీ. మొదటి పరీక్షనాడు తూకానికని బయటికి తీసి చూద్దునా, మా లోకనాథం, నా కొడుకు! శవం కూడా రాలేదు మాకు. పెట్టె ఒకటి పంపినారు, లోపలేటీ లేదు. ఇందులో ఆడు మాటాడతాడు. 'మా అయ్యకి చెప్పురా జున్నూ, నాకు నొప్పెట్టలేదని చెప్పు' అంటాడు. ఈ బాబు బతుకు పాడవతాదని తెలుసు. తెలిసే తూకమూ ఎయ్యలేదు, తిరిగీ పెట్టలేదు. రోజూ ఒకపాలి నా తలలో పెట్టుకుంటాను. పెట్టుకున్నంతసేపూ ఆ చేతులు ఈ బాబువి కావు, నావి. మా గుంటణ్ణి ఒళ్ళో పట్టుకున్నది నానే. మూడు నిమిషాల్లో తిరిగిచ్చీమంటాది మీ రూలు. దింపడానికి చేతులు రాలేదమ్మా."