తెల్లతిన్నె మీద సగం దుప్పటి

పార కింద పెట్టు. చచ్చినవాళ్ళు చలికి కప్పుకున్న గుడ్డ లాక్కొచ్చి అమ్ముకుంటే, తిన్న కూడు ఒంటబడుతుందా నీకు? సిగ్గులేదూ? తెల్లతిన్నెకి పోతానంటున్నావు. పో. కానీ లిసార్దో సంగతి విని మరీ పో.

నాస్కా ఊరు దాటాక, సముద్రం వైపు, చెట్టూ చేమా లేని ఇసకలో ఉంది ఆ పాతకాలపు సమాధుల తిన్నె. పగలు ఎముకలు, జడల ముక్కలు, రంగు పేలికలు పైకి తేలి కనిపిస్తాయి. చీకటి పడితే ఆ దారిలో లారీవాడు కూడా బండి ఆపడు... ఎవరో చలికి వణుకుతూ పళ్ళు టకటక కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తుందంటారు.

గుడ్ ఫ్రైడే రాత్రి దేవుడు చచ్చి ఉంటాడు, ఏం చేసినా చూడడు — తవ్వేవాళ్ళ నమ్మకం ఇది. దొంగకి కావలసిన నమ్మకమే! ఆ రాత్రే లిసార్దో, వాడి తోడుదొంగ అన్సెల్మో తిన్నె ఎక్కారు. నైవేద్యంగా కోకా ఆకులు చల్లారు. సిగరెట్టు వెలిగించి ఇసకలో గుచ్చారు... కోపగించుకోకు తల్లీ అని. ఆ తర్వాతే పార దించారు.

లోపల ఏనాడో చచ్చి ఎండిపోయిన ఒక ఆడమనిషి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. భుజాల చుట్టూ ఎర్రటి దుప్పటి. అంచుల నిండా ఎగిరే మనుషుల బొమ్మలు. నిన్ననే మగ్గం దిగినట్టుంది.

ఇద్దరూ చెరో చివర పట్టుకున్నారు. ఎవడూ వదలడు.

"సొలొమోను రాజు తీర్పు చెప్పనా?" అన్సెల్మో ఇకిలించాడు. "కొయ్యరా. చెరిసగం!"

కత్తి లిసార్దో దగ్గరే ఉంది. కుడిచేత్తో సర్రున కోశాడు.

మన పాతకాలపు నేతలో గుడ్డని కత్తి తాకదు. ఎంత కావాలో అంతే నేస్తారు, నాలుగు అంచులూ మగ్గం మీదే ముగుస్తాయి. లిసార్దో పెళ్ళాం సతుర్నినా నేతగత్తె. ఈ సంగతి వాడికి తెలుసు. తెలిసే కోశాడు.

అన్సెల్మో సగాన్ని ఎవడో కొని సముద్రం దాటించేశాడు. లిసార్దో సగం బేరం కుదరక మంచం కింద పడి ఉంది.

అప్పుడు మొదలైంది, వాడి కూతురు నెలీకి. కుడికాలు చల్లబడింది. ఆ చలి నడుము ఎక్కింది, భుజం ఎక్కింది. ఎడమపక్క మాత్రం మామూలే. ఆసుపత్రిలో సూదులు పొడిచారు, పెదవి విరిచారు, ఇంటికి పంపేశారు.

"ఒకామె ఈ పక్కన దూరి పడుకుంటోందమ్మా," అంది పిల్ల, కుడివైపు చూపిస్తూ. "ఆమెకి చలేస్తోందట. ఆమె దుప్పటి మన మంచం కిందే ఉందట."

సతుర్నినా వంగి లాగింది. కోసిన అంచు నుంచి పోగులు ఊడి వేలాడుతున్నాయి.

"నువ్వేనా కోసింది?"

లిసార్దో ఆ అంచుని మడిచి దాచబోయాడు.

"దాస్తావేం? నేను నేసి నీకు కప్పినవాటిలో ఒక్కదానికైనా కత్తి తగిలిందా? కట్టుకున్నదాని ముందే ఇన్నాళ్ళూ ఎలా తిని పడుకున్నావయ్యా!"

ఏడుస్తూనే తన పెళ్ళి శాలువా తెచ్చింది. మన ఆడవాళ్ళ శాలువా రెండు సగాలుగా నేసి నడుమ కుట్టేదే కదా. ఆ కుట్టు విప్పి, ఒక సగాన్ని ఎర్ర దుప్పటికి కలిపి కుట్టింది.

"పో. కప్పి కాళ్ళ మీద పడు. పిల్ల ఊపిరి సన్నగిల్లుతోంది... పరిగెత్తు!"

పరిగెత్తాడు. చీకటి. ఇసక కాళ్ళని పట్టి లాగుతోంది. దూరం నుంచే వినిపించింది — టక టక టక...

గొయ్యి తెరిచే ఉంది. పూడ్చిన పాపాన పోలేదు వాళ్ళు. లోపలికి దిగి, తడుముకుంటూ ఆ భుజాల మీద కప్పాడు.

"ఇది నీది తల్లీ. రెండో సగం నా ఇంటిదాని పెళ్ళి శాలువా. పిల్లని వదిలెయ్..."

పళ్ళ చప్పుడు ఆగింది.

ఎండిన వేళ్ళు గుడ్డని తడుముతున్నాయి. అంచు... బొమ్మలు... కుట్టు. అక్కడ ఆగాయి. ఒక్కో కుట్టే ఊడుతున్న చప్పుడు. సతుర్నినా శాలువా సగం వచ్చి వాడి ఒళ్ళో పడింది.

"నాది కాదు."

గొంతు కాదది. ఇసక జారినట్టు.

"రెండోది లేదమ్మా! ఏ దేశంలో ఉందో కూడా తెలీదు..." వాడు నేలకేసి తల బాదుకున్నాడు. "నా సగం తీసుకో. నన్ను కోసుకో. పిల్లని ముట్టుకోకు!"



తర్వాత వాడి కుడి భుజం మీద ఒక చల్లటి చెయ్యి పడింది.

తెల్లారేసరికి నెలీ లేచి జావ అడిగింది. రెండు చేతులతో గిన్నె పట్టుకుని తాగింది. సతుర్నినా ఊరివాళ్ళని వెంటేసుకుని తిన్నెకి ఉరికింది. గొయ్యి చదునుగా పూడిపోయి ఉంది. దాని మీద లిసార్దో. ఎడమపక్కన పెళ్ళి శాలువా సగం ఒద్దికగా కప్పి ఉంది. కుడిపక్కన ఏమీ లేదు.

పక్షవాతం అన్నాడు డాక్టరు. రాత్రంతా చలిలో పడి ఉంటే రాదా అన్నాడు. అలాగే అనుకో.

ఇప్పటికీ మిట్టమధ్యాహ్నం వాణ్ణి గోడకి ఆనించి ఎండలో కూర్చోబెడతారు. ఎడమపక్కంతా చెమటలు కారుతుంటాయి. కత్తి పట్టిన ఆ కుడిచెయ్యి మీద వేలేసి చూడు... రాత్రి ఇసకంత చల్లన.